పదహారు ట్యాపెట్లు

ఇంజన్ వేడి 100 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు ఉన్నప్పుడే వాల్వుల (సిలిండర్లలోకి గాలినీ, బయటికి పొగనీ వదిలే తలుపులు) సందు కొలవాలని కారు మాన్యువల్‌లో ఉంది. మన లెక్కలో 38 డిగ్రీలు. వేరే ఊళ్ళో అయితే రాత్రంతా బండి కదపకుండా వదిలేస్తే సరిపోతుంది. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆగస్టు మధ్యాహ్నం తలుపు మూసిన గ్యారేజీలో గాలే అంతకన్నా వేడిగా ఉంటుంది, ఇక ఇంజన్ సంగతి చెప్పేదేముంది! అందుకని ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాను. ఆఫీసులో ప్రొడక్షన్ రిలీజ్ ఉంటే తప్ప నేను ఆ టైముకి లేచింది లేదు.

కారు హోండా ఎస్2000, 2002 మోడల్. మూడేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండే సీట్లు, గుడ్డ టాపు, డిక్కీలో బియ్యం బస్తా పెడితే ఇంకేం పట్టదు. "ఇది కారు కాదండీ, మీ ఆటబొమ్మ" అని మా ఆవిడ మొదటి రోజే తేల్చేసింది. నేనూ వాదించలేదు.

హోండా కంపెనీ తన యాభై ఏళ్ళ పండగకి గుర్తుగా తలపెట్టిన కారు ఇది. 1999 నుంచి 2009 దాకా తయారైంది. నా దాంట్లో ఉన్నది ఎఫ్20సీ అనే రెండు లీటర్ల ఇంజన్. టర్బో లేకుండానే 240 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆ బలమంతా తిరగడంలోంచి వచ్చేదే, నిమిషానికి దాదాపు 9 వేల చుట్లు, అంటే 9 వేల ఆర్‌పీఎం దాకా పోతుంది. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒకసారి తెరుచుకుంటుంది కాబట్టి 9 వేల దగ్గర ప్రతి వాల్వూ సెకనుకి 75 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. అలాంటివి పదహారున్నాయి.

మా నాన్న రాజమండ్రి ఆర్‌టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఈ లెక్క చెబితే నమ్మలేదు. "తొమ్మిది వేలా? మా లేలాండు రెండు వేల చిల్లర దాటితే డ్రైవర్ని తిట్టేవాళ్ళంరా" అన్నారు.

నా కారు అప్పటికి 96 వేల మైళ్ళు తిరిగింది. నాకు దొరికిన పాత బిల్లుల్లో ఆయిల్ మార్చినట్టుంది, క్లచ్ మార్చినట్టుంది, వాల్వు క్లియరెన్సు, అంటే ఆ సందు, చూసినట్టు ఎక్కడా లేదు. వాల్వుల పైనుండే ట్యాపెట్ కవర్ నట్ల మీద పానా పడిన గీతలు కూడా కనబడలేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఒక అర నిమిషం ఐడిలింగ్ కాస్త తడబడేది. చప్పుడు మాత్రం ఏమీ లేదు. ఇంజన్ బుద్ధిగా, మెత్తగా ఉండేది. అది మంచి లక్షణమనుకుని నాన్నకి గొప్పగా చెప్పాను కూడా.

"ట్యాపెట్ చప్పుడు అస్సలు లేదా?"

"లేదు నాన్నా."

"అయితే చూడాల్సిందే. టకటకా అంటోంటే అంత భయం లేదు. నోరు మూసుకుందంటేనే చూడాలి."

ఆ మాటకి అర్థం నాకు తర్వాత మాన్యువల్ చదివితే బోధపడింది. వాల్వుని నొక్కే మీటకీ (రాకర్) వాల్వు కాడకీ మధ్య వెంట్రుకంత సందు ఉంచుతారు. ఇంజన్ వేడెక్కితే లోహం సాగుతుంది, ఆ సాగడానికి చోటు అది. సందు ఎక్కువైతే రాకర్ వాల్వుని తడుతుంది, అదే టకటక. తక్కువైతే చప్పుడుండదు. కానీ వేడి మీద వాల్వు పూర్తిగా మూసుకోదు. పొగని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువ భాగం సీటుకి (మూసుకున్నప్పుడు అది కూర్చునే అంచుకి) ఆనుకున్నప్పుడే వదులుకోగలదు. ఆనకపోతే అంచు కాలుతుంది, కాలితే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, దింపాలి. పైగా వాడేకొద్దీ వాల్వూ సీటూ అరిగి వాల్వు పైకి జరుగుతుంది కాబట్టి ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ సందు లూజయ్యే బదులు బిగుసుకుంటూ వస్తుంది. ఎక్కడా చప్పుడు చెయ్యకుండానే.

ఇక్కడ ఒక షాపులో అడిగాను. ఎనిమిది వందల డాలర్ల దాకా అవుతుంది, కారు రెండు రోజులు వదిలేయాలి అన్నారు. ఎవరు చేస్తారని అడిగితే కౌంటర్ దగ్గరున్న కుర్రాడు లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, ఎస్2000 ఇంతకుముందు చెయ్యలేదు గానీ చేసేస్తాం అన్నాడు. నేనూ ఇంతకుముందు చెయ్యలేదు గదా, ఆ ఎనిమిది వందలెందుకు అనిపించింది.

కావలసిన సామాను పెద్దగా లేదు. పది నంబరు రింగు పానా, పొట్టి స్క్రూడ్రైవర్, క్రాంకు తిప్పడానికి పొడుగు హ్యాండిల్‌తో 19 సాకెట్, ప్లగ్గు సాకెట్, కొత్త ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ సెట్టు, ఒక ట్యూబు లిక్విడ్ గ్యాస్కెట్. ఇంకోటి ఫీలర్ గేజ్, సందు కొలిచే పలచటి బ్లేడ్ల సెట్టు. మన షెడ్లలో దాన్ని ఫిల్లర్ గేజి అంటారు, నాన్న ఇప్పటికీ అలాగే అంటారు. మొదట నేను కొన్న సెట్టులో బ్లేడ్లన్నీ నిటారుగా ఉన్నాయి. రాకర్లని నొక్కే కామ్ షాఫ్ట్ అడ్డం వస్తుంది, నిటారు బ్లేడు వాల్వు కొన దగ్గరికి పోదు. కొన దగ్గర వంచిన బ్లేడ్లున్న సెట్టు మళ్ళీ కొనాల్సి వచ్చింది. ఎవరైనా చేద్దామనుకుంటే ముందే అది కొనుక్కోండి.

మాన్యువల్ ప్రకారం ఇన్‌టేక్ (గాలి లోపలికి వదిలే వాల్వు) 0.21 నుంచి 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.25 నుంచి 0.29. నా సెట్టులో 0.27 బ్లేడు లేదు, 0.28 ఉంది. ఇన్‌టేక్‌కి 0.23, ఎగ్జాస్ట్‌కి 0.28 అనుకున్నాను. ఎగ్జాస్ట్ ఎలాగూ బిగుసుకునేదే కాబట్టి కొంచెం లూజు వైపు ఉంచడమే మేలు.

బ్లేడు ఎంత బిగువుగా కదలాలో పుస్తకాల్లో రాసేదేమిటంటే, కొద్దిగా పట్టుగా ఉండాలి అని. కొద్దిగా అంటే ఎంత? నాన్నని అడిగితే కాసేపు ఆలోచించి, "పుస్తకం మధ్యలో దాచిన కొత్త నోటు, పుస్తకం తెరవకుండా లాగితే ఎలా వస్తుంది? అలా రావాలి. చిరగకూడదు, జారకూడదు" అన్నారు. ఆ రాత్రి మా అబ్బాయి లెక్కల పుస్తకంలో డాలర్ నోటు పెట్టి లాగి చూశాను. పుస్తకం మీద చెయ్యి ఎంత నొక్కితే నోటు అంత పట్టుగా వస్తుందని తెలిసింది. అంతకుమించి ఏం తెలియలేదు.

ఆదివారం నాలుగూ ముప్పావుకి పని మొదలుపెట్టాను. గాలి గొట్టం తీశాను. ప్లగ్గుల మీద కాయిళ్ళ మూత, నాలుగు కాయిళ్ళు, తర్వాత ప్లగ్గులు. ప్లగ్గులు తీస్తే కంప్రెషన్ ఉండదు, క్రాంకు ఒక చేత్తో తిరుగుతుంది. బ్రీదర్ పైపులు ఊడదీసి ట్యాపెట్ కవర్ నట్లు విప్పాను. కవర్ రాలేదు. ఇరవై ఏళ్ళుగా అతుక్కుపోయి ఉంది. రబ్బరు సుత్తితో మూలల దగ్గర చిన్నగా తడితే పదో దెబ్బకి కదిలింది.

కవర్ ఎత్తగానే మొదట చేసిన పని, చెయిన్ ఉన్న వైపు గుంటలో శుభ్రమైన గుడ్డ కుక్కడం. ఏ వాషరో అందులో పడితే ఇంక అంతే. అంత జాగ్రత్త పడ్డా కవర్ నట్టు కింద ఉండే రబ్బరు వాషర్ ఒకటి తగ్గింది. ఇరవై నిమిషాలు టార్చి వేసి ఇంజన్‌లో వెతికాను. గుండె ఎక్కడో కొట్టుకుంటోంది. చివరికి అది నా చెప్పులో దొరికింది.

లోపలంతా తేనె రంగులో శుభ్రంగా ఉంది. ఒక్కో సిలిండర్‌కి ఇన్‌టేక్ వైపు మూడు రాకర్లు, ఎగ్జాస్ట్ వైపు మూడు. పక్కనున్న రెండు రాకర్లే వాల్వుల్ని నొక్కేది, సందు సరిచేసే స్క్రూలూ, వాటిని కదలకుండా పట్టే చెక్ నట్లూ వాటికే ఉంటాయి. మధ్య రాకర్ మామూలుగా ఊరికే ఆడుతూ ఉంటుంది. 6 వేల ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్‌తో పిన్నులు జరిగి మూడు రాకర్లూ ఒకటైపోతాయి, అప్పుడు అందరూ మధ్య కామ్ చెప్పినట్టు వినాలి. హోండా వాళ్ళ వీటెక్ అంటే అదే. వేలితో నొక్కితే మధ్య రాకర్ విడిగా కదలాలి. పనిలో పనిగా ఎనిమిదీ నొక్కి చూశాను, కదిలాయి. వాల్వు స్ప్రింగుల మీది రిటైనర్లు కూడా టార్చి వేసి చూశాను. ఈ మోడల్‌లో గేరు తప్పి కిందికి వేస్తే ఇంజన్ హద్దు దాటి తిరిగి రిటైనర్లు చిట్లిన బళ్ళున్నాయి. నావి బాగానే ఉన్నాయి. పాత యజమాని మర్యాదగానే నడిపినట్టున్నాడు.

హోండా ఇంజన్లు చాలావరకు అపసవ్య దిశలో తిరిగేవి. పాత సివిక్‌లు చేసిన చెయ్యి అలవాటుగా అటే తిప్పుతుంది. ఇది మాత్రం ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది. అటే తిప్పాలి. పుల్లీ మీద కూడా ఒక్కటే గీత ఉండదు, కొన్నుంటాయి. టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు) గీత ఏదో ముందే చూసుకుని దాని మీద తెల్ల పెన్నుతో చుక్క పెట్టుకున్నాను. ఒకటో సిలిండర్ టీడీసీకి తెచ్చాను. కామ్ ముక్కులు పైకి, పక్కకి తిరిగి ఉన్నాయి, రాకర్లు వేలికి లూజుగా తగిలాయి. సరైన చోటే.

స్క్రూ కొనకీ వాల్వు కాడ కొనకీ మధ్య బ్లేడు దూర్చాలి. మొదటి ఇన్‌టేక్‌కి 0.23 బ్లేడు పెట్టాను. వెళ్ళింది. లాగాను, వచ్చింది. ఇది పట్టా, జారుడా? 0.25 పెట్టి చూశాను, మొన దగ్గరే ఆగిపోయింది. 0.20 పెడితే ఏమీ తగలనట్టు ఆడింది. మళ్ళీ 0.23. ఈసారి ఆ రెండింటికీ మధ్య తేడా వేలికి తెలిసింది. నాన్న చెప్పిన నోటు ఇదేనేమో అనుకున్నాను. మా అబ్బాయి పాత నోట్‌బుక్‌లో గళ్ళు గీసి రాసుకున్నాను. ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ 0.23, 0.22. ఎగ్జాస్ట్ 0.22, 0.20. ఎగ్జాస్ట్ రెండూ బిగువే, కనీసం ఉండాల్సింది 0.25.

ఎగ్జాస్ట్ స్క్రూ సరిచెయ్యడం మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసింది. చెక్ నట్ లూజు చేసి, బ్లేడు పెట్టి, స్క్రూడ్రైవర్‌తో స్క్రూ తిప్పి, పట్టు సరిగ్గా రాగానే స్క్రూ కదలకుండా పట్టుకుని చెక్ నట్ బిగించాలి. బిగిస్తున్నప్పుడు స్క్రూ దాంతోపాటు ఒక వెంట్రుక తిరుగుతుంది. తిరక్కపోయినా మరల్లో ఉన్న ఆట బిగుసుకుని సందు మారుతుంది. సరిగ్గా 0.28కి పెట్టి బిగించి చూస్తే 0.25 కూడా దూరలేదు. విప్పి మళ్ళీ. ఈసారి 0.30 దూరింది. మళ్ళీ. నాలుగోసారి కుదిరింది. ఒక్క స్క్రూకి పావుగంట. బిగించాక మళ్ళీ కొలవనిది ఏ కొలతా లెక్కలోకి రాదని ఆ పావుగంటలో అర్థమైంది. రెండో స్క్రూకి చెయ్యి కాస్త అలవాటైంది. నట్టు ఎటు లాగుతుందో ముందే తెలిసిపోతే స్క్రూని ఆ మేరకు వెనక్కి పట్టుకుంటాం.

అప్పటికి ఏడు కావస్తోంది. చొక్కా తడిసిపోయింది. ఒక చెమట చుక్క కామ్ షాఫ్ట్ మీద టప్పున పడితే గబగబా తుడిచాను. క్రాంకు సగం చుట్టు తిప్పి రెండో సిలిండర్‌కి వచ్చాను.

రెండో దాంట్లో 0.28 దూరలేదు. 0.20 దూరలేదు. సెట్టులో అన్నిటికన్నా పలచని 0.05 కూడా దూరలేదు. ఇన్‌టేకూ అంతే, ఎగ్జాస్టూ అంతే. నా కాళ్ళు చల్లబడ్డాయి. వాల్వులు సీట్లలోకి దిగబడిపోయాయి, హెడ్ పోయింది, నాలుగు వేల డాలర్లు అనుకున్నాను. ఆ టెన్షన్‌లో చెయ్యకూడని పని చేశాను. ఎగ్జాస్ట్ చెక్ నట్లు రెండూ విప్పి 0.28 దూరేదాకా స్క్రూలు వెనక్కి తిప్పి బిగించేశాను. చాలా తిప్పాల్సి వచ్చింది. అంత తిప్పుతుంటేనైనా అనుమానం రావాలి కదా. రాలేదు.

ఇన్‌టేక్ మీద పానా వెయ్యబోతూ ఆగి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం ఐదున్నర దాటింది. టీ గ్లాసు చేతిలో ఉంది.

"ఏరా, ఇంత పొద్దున్నే?"

చెప్పాను. ఆయన కంగారు పడలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నారు.

"ఫైరింగ్ ఆర్డర్ ఎంత?"

"ఒకటి, మూడు, నాలుగు, రెండు."

"మరి నువ్వు ఇప్పుడు ఏది పట్టావు?"

నేను నోరు తెరిచాను గానీ మాట రాలేదు. సిలిండర్లు మండే ఆ వరస ఉన్న కాగితం నేనే ప్రింట్ తీసి గోడకి అంటించుకున్నాను. సగం చుట్టు తిప్పితే టీడీసీకి వచ్చేది మూడోది. నేను వరసగా ఉన్నాయి కదా అని రెండో దాని మీదికి వంగాను. ఒకటి తర్వాత రెండు, అంతే.

"క్రాంకు కొంచెం అటూ ఇటూ ఆడించు. ఏ సిలిండర్ రాకర్లు ఊగుతున్నాయో చూడు" అన్నారు.

ఆడించాను. రెండో సిలిండర్ మధ్య రాకర్లు ఉయ్యాల బల్లలా ఊగాయి. ఎగ్జాస్ట్‌ది పైకి లేస్తోంటే ఇన్‌టేక్‌ది కిందికి దిగుతోంది. ఎగ్జాస్ట్ మూసుకోవడం, ఇన్‌టేక్ తెరుచుకోవడం ఒకేసారి జరిగే చోట నిలబడి ఉంది అది. అక్కడ సందు ఎందుకుంటుంది?

"రెండోది ఊగుతుంటే మూడోది పట్టు. మూడోది ఊగుతుంటే రెండోది. ఒకటికీ నాలుక్కీ కూడా అంతే. పుల్లీ గీతలు చూసుకునే పనే లేదు. మాకు ఆరు సిలిండర్లు. ఒకటి-ఐదు-మూడు-ఆరు-రెండు-నాలుగు. ఆరు ఊగితే ఒకటి, రెండు ఊగితే ఐదు, నాలుగు ఊగితే మూడు."

ఆ అంకెలు వినగానే నాకు ఒక్కసారిగా మా పాత ఇల్లు గుర్తొచ్చింది. అరుగు మీద కొత్తగా చేరిన హెల్పర్ని కూర్చోబెట్టుకుని ఆయన వాటిని ఎక్కంలా వల్లె వేయించేవారు. తప్పు చెబితే మొట్టికాయ. నేను ఐదేళ్ళవాణ్ణి, అదేదో పాట అనుకుని బళ్ళో పాడి పంతులుగారి చేత తిట్లు తిన్నాను. నలభై ఏళ్ళ తర్వాత, ఇంజనీరింగ్ డిగ్రీ పెట్టుకుని, గోడ మీద కాగితం పెట్టుకుని, ఆ పాటే మర్చిపోయాను.

"లూజు చేసేసినవి ఎన్ని?"

"రెండు."

"సర్లే. దాని వంతు వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఆ పేజీలో రాసిపెట్టుకో, మర్చిపోతావు" అని టీ తాగారు.

మూడోది సాఫీగా అయిపోయింది. ఇన్‌టేక్ రెండూ సరిగ్గా ఉన్నాయి, ముట్టుకోలేదు. ఎగ్జాస్ట్‌లో ఒకటి 0.20, ఒకటి 0.23, రెండూ 0.28కి తెచ్చాను. తర్వాత నాలుగోది. అది వెనక గోడకి దగ్గరగా ఉంటుంది. పానా ఆడించడానికి అటు చోటు లేదు, తల దూర్చి చూద్దామంటే బానెట్ అడ్డం. టార్చి నోట్లో పెట్టుకుని, ఫెండర్ మీద దుప్పటి పరుచుకుని, బోర్లా పడుకున్నట్టు వంగి చేశాను. నడుము పట్టేసింది. చివరి ఎగ్జాస్ట్ స్క్రూ దగ్గర బ్లేడు కంటికి కనబడదు, వంపు చూసుకుని గుడ్డిగా దూర్చడమే. పట్టు వచ్చినట్టే అనిపించింది. బిగించాను. బిగించాక మళ్ళీ కొలిచానా? కొలిచాననే నాకు గుర్తు. నోట్‌బుక్‌లో మాత్రం ఆ గడిలో అంకె పక్కన చిన్న ప్రశ్నార్థకం ఉంది, నా రాతే.

ఆఖరికి రెండోది, ఈసారి దాని వంతులో. పొరపాటున విప్పిన రెండు ఎగ్జాస్ట్ స్క్రూల దగ్గర మూడు బ్లేడ్లు కలిపి పెడితేగానీ సందు నిండలేదు. అలాగే కవర్ మూసేసి ఉంటే ఆ సిలిండర్ ఎలా కొట్టుకునేదో! వాటిని 0.28కి తెచ్చాను. అయితే అవి మొదట ఎంత ఉండేవో ఇక ఎప్పటికీ తెలియదు. నోట్‌బుక్‌లో ఆ రెండు గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి. అన్నీ చూస్తే ఎగ్జాస్ట్‌లో కొలిచిన ఆరింట్లో ఐదు బిగువు. ఇన్‌టేక్ ఎనిమిదింట్లో ఒక్కటి మాత్రం లూజు, రెండో సిలిండర్‌లో, 0.28.

మూయడం గురించి చెప్పేదేం లేదు, తీసినదానికి తలకిందులు. కవర్ గాడిలో పాత ప్యాకింగ్ ముక్కలు గోకి, హెడ్ మీద అర్ధచంద్రంలా వంపు తిరిగే మూలల్లో బఠానీ గింజంత లిక్విడ్ గ్యాస్కెట్ పెట్టి కొత్త ప్యాకింగ్ వేశాను. "మూలల్లో పెట్టావా?" అని నాన్న రెండుసార్లు అడిగారు. కుక్కిన గుడ్డ తీశానా లేదా అని మా ఆవిడ అడిగింది. ఆపరేషన్లలో కడుపులో దూది మర్చిపోయిన వార్తలు చదివిన మనిషి ఆవిడ. తీశాను.

లిక్విడ్ గ్యాస్కెట్ ఆరాలని సాయంత్రం దాకా ఆగాను. స్టార్ట్ బటన్ నొక్కితే రెండో తిప్పుకే అందుకుంది. తడబాటు లేదు. కానీ ఇదివరకు లేని చప్పుడు వచ్చింది, కుట్టు మిషను దూరంగా నడుస్తున్నట్టు. మా అబ్బాయి, "నాన్నా, పాడు చేసేశావా?" అన్నాడు. కాదురా, ఇప్పుడే బాగుపడింది అన్నాను గానీ నాకూ లోపల అనుమానమే.

నాన్నకి వినిపిద్దామని వాట్సాప్ కాల్‌లో ఫోను ఇంజన్ దగ్గర పెట్టాను. "ఏం వినబడ్డంలేదురా, ఆపేశావా?" అంటున్నారు. ఆ యాప్ ఇంజన్ మోతని గోల అనుకుని తుడిచేస్తోంది. అప్పుడు మామూలుగా రికార్డు చేసి రెండు నిమిషాల ఆడియో పంపాను. గంట దాకా జవాబు లేదు. ఆయన చెవి దగ్గర పెట్టుకుని ఎన్నిసార్లు విన్నారో అమ్మ తర్వాత చెప్పింది. టీవీ సీరియల్ కూడా ఆపించారట.

"మిగతావి ఒక తాళంలో ఉన్నాయి. ఒకటి మాత్రం గట్టిగా కొడుతోంది. ఎక్కడైనా సరిగ్గా కనబడకుండా చేశావా?" అన్నారు.

నోట్‌బుక్ తీశాను. ప్రశ్నార్థకం కనబడింది.

ఆ వారమంతా కారు తీయలేదు. మళ్ళీ ఆదివారం, మళ్ళీ నాలుగున్నర. ఈసారి ఎక్కడేముందో తెలుసు కాబట్టి కవర్ ఎత్తడానికి నలభై నిమిషాలే పట్టింది. పుల్లీ వైపు చూడలేదు. ఒకటో దాని మధ్య రాకర్లు ఊగేదాకా క్రాంకు తిప్పి నాలుగో దాని మీదికి వంగాను. అనుమానపు స్క్రూ దగ్గర 0.28 జారిపోయింది. 0.30 కూడా. 0.35 బ్లేడు నోటులా వచ్చింది. గుడ్డిగా దూర్చినప్పుడు బ్లేడు ఏటవాలుగా వెళ్ళి ఎక్కడో అంచుకి పట్టి, పట్టు వచ్చిందని నన్ను నమ్మించినట్టుంది. ఈసారి మా అబ్బాయిని లేపి చిన్న అద్దం పట్టుకోమన్నాను. అద్దంలో బ్లేడు తిన్నగా ఉందో లేదో చూసుకుని సరిచేశాను. మిగిలిన పదిహేనూ కొలిచాను, ఏవీ మారలేదు.

సాయంత్రం కార్యసిద్ధి హనుమాన్ గుడి దాకా వెళ్ళి వచ్చాం, నేనూ మా అబ్బాయీ. వచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు దొరికితే రెండో గేర్లో ఆరు వేలు దాటించాను. మధ్య కామ్ అందుకున్నప్పుడు వచ్చే ఆ గొంతు మార్పుకి వాడు సీటు పట్టుకుని నవ్వాడు. ఇంటికొచ్చాక ఇంకో ఆడియో పంపాను. ఈసారి జవాబు పది నిమిషాల్లోనే వచ్చింది. "సరిపోయింది. ప్యాకింగ్ కారుతోందేమో చూసుకో."

కారు కింద అట్టముక్క పరిచి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే దాని మీద ఒక్క చుక్క కూడా లేదు.